మాటలు మార్చిన పెళ్ళి, రంగులు మార్చిన పెళ్ళి

అవనిగడ్డ, చల్లపల్లి, నాగాయలంక వైపు ఇప్పుడు తాంబూలాలు పుచ్చుకున్న వారంలోపే ఈవెంట్ వాళ్ళు ఇంటికొస్తారు. ట్యాబ్ తెరిచి బొమ్మలు చూపిస్తారు. హల్దీకి పసుపుపచ్చ గొడుగులు, సంగీత్‌కి అద్దాల స్టేజీ, పెళ్ళికి ముత్యాల తెర, రిసెప్షన్‌కి తెల్లటి పొగలో నడిచొచ్చే జంట. "మీ పెళ్ళి మీలాగే ఉండాలి మేడమ్, ఇంకెవరి పెళ్ళిలాగానూ ఉండకూడదు" అంటారు. పోయిన మాఘమాసంలో పక్కవీధి వాళ్ళకీ ఇదే మాట చెప్పారు, ఇవే బొమ్మలు చూపించారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ ఆ మాటలో తప్పేమీ లేదు. పెళ్ళి చేసుకునేవాళ్ళకి తమ పెళ్ళి తమలా ఉండాలనిపించడం న్యాయమే. ఆ కోరిక కృష్ణా డెల్టాకి కొత్తదీ కాదు. గుడివాడ దగ్గర అంగలూరులో 1887లో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి పెళ్ళి తంతును తెలుగులో రాసి, 'వివాహ విధి' అని పేరు పెట్టి, దాని ప్రకారం పెళ్ళిళ్ళు చేయించారు. బందరు హిందూ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పిన గోరా తన కూతురి పెళ్ళిలోంచి దేవుణ్ణే తప్పించారు. వాళ్ళ వెనకాలే దండల పెళ్ళిళ్ళు వచ్చాయి.

ఆ పెళ్ళినీ ఈ పెళ్ళినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చప్పున తెలుస్తుంది. అప్పటివాళ్ళు పెళ్ళిలో మాటలు మార్చారు. కంటికి ఇంపుగా ఉందా లేదా అన్నది పట్టించుకోలేదు. ఇప్పటివాళ్ళు కంటికి కనపడేదంతా మార్చారు. పీటల దగ్గర ఎవరేమంటున్నారో పట్టించుకోవడం లేదు. నా మటుకు నాకు రెండూ సగం పెళ్ళిళ్ళే. అయితే ఆ సగాలు ఒక్కలాంటివి కావు.

ముందు త్రిపురనేని సంగతి. డబ్లిన్ వెళ్ళి న్యాయశాస్త్రం చదివొచ్చిన మనిషి, తెనాలి పురపాలక సంఘానికి అధ్యక్షులుగా చేసినవారు, 'సూతపురాణం' రాసి పురాణాలతో తగువు పెట్టుకున్న కవి. అలాంటివారికి పెళ్ళి తంతు మొత్తాన్ని పక్కకి తోసెయ్యడం తేలిక. ఆయన ఆ పని చెయ్యలేదు. తంతు ఉండాలి, అది పీటల మీద కూర్చున్న ఇద్దరికీ అర్థం కావాలి అన్నారు. ప్లీడరు కదా, ఏముందో తెలియకుండా కాగితం మీద సంతకం పెట్టే కక్షిదారుల్ని బోలెడంతమందిని చూసి ఉంటారు. జీవితాంతం ఉండే ఒప్పందానికి తెలియని భాషలో తలూపడం ఆయనకి మింగుడు పడలేదు. అందుకే మంత్రం చోట తెలుగు వచ్చింది, పురోహితుడి చోట ఆయనే కూర్చున్నారు.

పురోహితుడు రాకపోతే పెళ్ళి పెళ్ళే కాదనుకునే రోజుల్లో చేసిన పని ఇది. ఆడపిల్లని కన్నవాళ్ళు దీనికి ఒప్పుకోవాలంటే ఎంత గుండె ధైర్యం ఉండాలి! రేపు ఎవరైనా 'ఇది చెల్లదు' అంటే నష్టపోయేది ఆ పిల్లే. అయినా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో బ్రాహ్మణేతరోద్యమం ఊపు మీదున్న ఆ కాలంలో స్వసంఘ పౌరోహిత్యం పేరుతో కులంలోని చదువుకున్నవాళ్ళే నిలబడి పెళ్ళిళ్ళు చేయించారు. పెళ్ళి పెద్ద మారాడు, భాష మారింది. మారనిది ఒకటుంది: పీటల మీది ఇద్దరిదీ ఒకటే కులం. అంత ధైర్యమూ ఆ గీత దగ్గర ఆగిపోయింది.

గోరా ఆ గీత దాటారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడ పటమటకి మార్చారు. కూతురు మనోరమకీ, దళిత యువకుడు అర్జునరావుకీ పెళ్ళి అనుకున్నప్పుడు ఆ పెళ్ళి సేవాగ్రామ్‌లో జరిపిద్దామని గాంధీ అన్నారు. దేవుడి పేరు ఎత్తబోమన్న పెళ్ళివారి కోసం దేవుడి చోట సత్యం అని పెట్టుకోవడానికీ ఆయన ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న గాంధీని చంపేశారు. పెళ్ళి మాత్రం ఆ మార్చి 13న సేవాగ్రామ్‌లోనే జరిగింది. తరవాత 1960లో గోరా కొడుకు లవణం, కవి గుర్రం జాషువా కూతురు హేమలత పెళ్ళి చేసుకున్నారు. ఆ ఇంట్లో పెళ్ళంటే ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారన్నదే అసలు విషయం. తోరణాల గురించి ఎవరూ రాసిపెట్టలేదు.

ఆ సేవాగ్రామ్ పెళ్ళికి ఒక ముసలాయన, ఒక నాస్తికుడు ప్రమాణంలో ఒక్క మాట కోసం చర్చ చేసుకున్నారు. ఇవాళ్టి పెళ్ళిలోనూ ఒక్క మాట కోసం చర్చ ఉంది. పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురి పేరు కలిపి హ్యాష్‌ట్యాగ్ తయారు చెయ్యాలి. వాట్సాప్ గుంపులో స్నేహితులు రాత్రంతా కూర్చుని పేర్లు విరగ్గొట్టి అతుకుతారు, చివరికి ఏదో సినిమా పేరు మీద శ్లేష కుదురుతుంది. ఎగతాళి చెయ్యడం లేదు. ఆ హ్యాష్‌ట్యాగ్‌కి మన ఊళ్ళలో ఒక తాత ఉన్నాడు: గులాబీరంగు కాగితం మీద అచ్చేసిన పంచరత్నాలు.

ఊళ్ళో తెలుగు మాస్టారో, అవధానాల పిచ్చి ఉన్న మేనమామో పెళ్ళికి అయిదు పద్యాలు అల్లేవారు. వధూవరుల పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్ళు ఛందస్సులో ఎలాగోలా ఇరికించేవారు. తలంబ్రాలయ్యాక మైకు దగ్గరికొచ్చి గొంతు సవరించుకుని రాగం తీసి చదివేవారు, కాగితాలు పంచేవారు. కొన్నిళ్ళలో ఆ కాగితం అద్దం కట్టించుకుని నడవాలో వేలాడేది. నిజం చెప్పాలంటే వాటిలో చాలా పద్యాలు నాసిరకం. సీతారాముల్లా ఉండండి, పార్వతీపరమేశ్వరుల్లా ఉండండి అనడం దాటి పోయేవి తక్కువ. కానీ ఎవరో ఒక మనిషి ఈ ఇద్దరి కోసమే కూర్చుని, ఈ పేరు గురువా లఘువా అని వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. హ్యాష్‌ట్యాగ్ వెనక కూడా ఆ స్నేహం ఉంది. కష్టమే కొంచెం తక్కువ. శుభలేఖ వెనకవైపు ఖాళీగా వదిలే బదులు స్నేహితుల్లో తెలుగు రాయగలిగినవాడితో ఒక్క ఆటవెలది రాయించి వేసుకుంటే ఖర్చేమీ లేదు. తప్పులున్నా పరవాలేదు. పెళ్ళికొడుకు బండి నేర్చుకుంటూ కాలవలో పడిన సంగతి అందులో ఉంటే మరీ మంచిది.

అంతకన్నా సొంతమైనవి వియ్యాలవారి పాటలు. బంతిలో కూర్చున్న మగపెళ్ళివారిని పేరుపేరునా పట్టుకుని ఆడపెళ్ళివారి ఆడవాళ్ళు పాడే వేళాకోళాలు. వియ్యపురాలి నడక, ఆడబిడ్డ నోరు, పెళ్ళికొడుకు బాబాయి బట్టతల, ఏదీ మిగిలేది కాదు. పాట పాతదే, వరస పాతదే. పేర్లు, పోలికలు మాత్రం అప్పటికప్పుడు కట్టేవి. రాతపుస్తకం లేదు, ముందుగా రిహార్సల్ లేదు. వియ్యపురాలు ఎదురు పాట అందుకుంటే మరీ రంజు. పెళ్ళిలో ఆ ఇద్దరు వియ్యాలవారికి తప్ప ఇంకెవరికీ అతకని ముక్క ఏదైనా ఉందంటే అదే.

సంస్కరణ పెళ్ళిళ్ళ మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇక్కడ మొదలవుతుంది. దండల పెళ్ళి తీసుకోండి. ఎర్రజెండా బలంగా ఉన్న దివి తాలూకాలో, గుడివాడ వైపు అభ్యుదయ వివాహాలకి మంచి పేరుండేది. వేదిక మీద బల్ల, రెండు కుర్చీలు, రెండు దండలు. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, వక్తలు. దండలు మార్చుకోవడానికి నిమిషం పట్టేది, ఉపన్యాసాలకి పూట పట్టేది. పెళ్ళికూతురి గురించి, స్త్రీ విముక్తి గురించి వరసగా మగవాళ్ళే మాట్లాడేవారు. పురోహితుణ్ణి పంపించేశారు, సరే. ఆయనతో పాటు పసుపు దంచిన ముత్తైదువల్నీ, నలుగు పెట్టిన పెద్దమ్మల్నీ, బంతిలో పాట కట్టిన అత్తల్నీ కూడా ప్రేక్షకుల్లోకి పంపించేశారు. పాత పెళ్ళిలో మంత్రం మగవాళ్ళది, మిగతా పెళ్ళంతా ఆడవాళ్ళది. మంత్రంతో పాటు ఆడవాళ్ళ చేతిలో ఉన్నదీ తీసేసి, అక్కడ మైకు పెట్టారు. ఆదర్శం ఎంత గొప్పదైనా ఆ పెళ్ళిలో ఆడపిల్లలు ఆవులిస్తూ కూర్చున్నారంటే నేను నమ్ముతాను.

ఈ తరం ఆ తప్పు చెయ్యలేదు. దీనికి నేను మార్కులు వేస్తాను. హల్దీ, మెహందీ, సంగీత్ అన్నవి మనవి కావని పెద్దవాళ్ళు విసుక్కుంటారు. 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్' తెలుగులో 'ప్రేమాలయం'గా ఆడింది. అప్పట్నుంచి ఉత్తరాది పెళ్ళి సందడి మన ఇళ్ళలోకీ మెల్లిగా నడిచొచ్చింది. అది ఎక్కడినుంచి వచ్చినా ఆడపిల్లలు పెళ్ళిలో మళ్ళీ ఆడుతున్నారు, పాడుతున్నారు. పెళ్ళికూతురు తల వంచుకుని కూర్చోకుండా పగలబడి నవ్వే ఫొటోలు వస్తున్నాయి. దండల పెళ్ళి ఉపన్యాసకులు కోరిన విముక్తిలో ఒక చిన్న పాలు, వాళ్ళు ఊహించని దారిలో, డీజే పాటల మీద వచ్చింది.

అయితే హల్దీని, నలుగుని పక్కన పెట్టి చూస్తే పోయిందేమిటో కూడా తెలుస్తుంది. నలుగుకి పని ఉంది. రోలుకి పసుపు రాసి, రోకలికి మామిడాకు కట్టి, ముత్తైదువలు కలిసి పసుపుకొమ్ములు దంచడంతో పెళ్ళిపనులు మొదలయ్యేవి. నూనె రాసి, సున్నిపిండితో ఒళ్ళు నలిచి, మంగళస్నానం చేయించి పెళ్ళికూతుర్ని చేసేవారు. ఎవరు ముందు రాయాలి, ఎవరు హారతివ్వాలి అన్నదాంట్లో ఆ ఇంటి చుట్టరికాలన్నీ బయటపడేవి. ఇప్పటి హల్దీలో పసుపు కన్నా పసుపు రంగు ఎక్కువ. గొడుగులు, కుర్చీలు, కళ్ళద్దాలు, చొక్కాలు అన్నీ అదే రంగు. పసుపు మాత్రం చెంప మీద రెండు వేళ్ళ గీత, మేకప్ చెడుతుందని. ఇదంతా కృష్ణ లంకల్లో పసుపు పండే చోట జరుగుతోంది. థీమ్ కావాలంటే ఇంటి వెనక రోలుంది, లంకలో పచ్చి పసుపుకొమ్ముంది. దంచే దృశ్యం కన్నా ఫొటోకి బాగుండేది ఏముంటుందో నాకు అర్థం కాదు. డీజే అక్కడే ఉండనివ్వండి. రోకటిపోటుకి తాళం తప్పకుండా కుదురుతుంది.

పెళ్ళికి ముందు తీసే వీడియోల సంగతి. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోట, నాగాయలంక రేవులో, మడ అడవుల పక్కన, మంగినపూడి ఇసుకలో జంటలు నడుస్తాయి, డ్రోను తిరుగుతుంది. పొడుగు గౌను గాలికి ఎగరాలి, అబ్బాయి వెనక్కి తిరిగి చూడాలి. కెమెరా పనితనం చాలాసార్లు బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ జంట మొహాలు మారిస్తే ఆ వీడియో గోవాదీ అవుతుంది, వైజాగుదీ అవుతుంది. మన నేల వెనక తెరగా మిగిలింది తప్ప కథలోకి రాలేదు.

ఈ సీమలో కథలకి కొదవా? పులిగడ్డ, పెనుమూడిల మధ్య వంతెన లేని రోజుల్లో రేపల్లె వైపు సంబంధం అంటే పెళ్ళివారు పడవెక్కాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో కొట్టుకుపోయిన ఇళ్ళతో పాటు పెళ్ళి ఫొటోలూ పోయాయి. అలాంటి ఇళ్ళలో అమ్మమ్మ పెళ్ళి ఎలా జరిగిందో అమ్మమ్మకే తెలుసు. అదే డ్రోను అబ్బాయి చేత, అదే కెమెరాతో, అమ్మమ్మని వరండాలో కూర్చోబెట్టి ఆవిడ పెళ్ళి ముచ్చట చెప్పించుకుంటే ఎలా ఉంటుంది? ఎంత కట్నమన్నారు, ఏ రేవు దాటారు, కొత్తకాపురానికి ఏం తెచ్చుకుంది, తాతయ్యని మొదటిసారి ఎప్పుడు చూసింది. వధూవరులు పక్కన కూర్చుని ప్రశ్నలడగాలి. రిసెప్షన్లో ఎల్‌ఈడీ తెర మీద అది వేస్తే భోజనాల దగ్గరున్న జనం కూడా లేచొస్తారు.

అలంకరణకి వస్తే త్రిపురనేని తరం చేతులెత్తేసింది. ఈ తరం చేతినిండా డబ్బు పోసి బయటినుంచి తెప్పిస్తోంది. ఇద్దరి మధ్యలో పెడన ఉంది. బందరుకి కూతవేటు దూరంలో ఉన్న పెడనలో టేకు చెక్క అచ్చులతో కలంకారీ అద్దుతారు. గుడ్డని కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరబెట్టడం, తుప్పుపట్టిన ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో నలుపు, పటికతో ఎరుపు పట్టించడం, పారే నీళ్ళలో ఉతకడం, రాగి కాగుల్లో ఉడకబెట్టడం. ఒకప్పుడు ఈ గుడ్డ బందరు రేవులో ఓడలెక్కి పర్షియా దాకా వెళ్ళింది. ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ప్లాస్టిక్ ముత్యాల తెర ఎక్కడినుంచో అద్దెకి తెచ్చి, పెళ్ళయ్యాక దాన్ని ఇంకో పెళ్ళికి పంపే బదులు ఇక్కడ ఒక అడ్డుతెర అద్దించుకోవచ్చు. ఇంకా సరదా కావాలంటే సొంతంగా ఒక అచ్చు చెక్కించుకోవాలి. అందులో ఏముండాలో జంటే తేల్చుకోవాలి: పులిగడ్డ దగ్గర రెండుగా చీలిన కృష్ణ, నాగాయలంక పడవ, తాటిచెట్టు, రొయ్య. రొయ్య అంటే నవ్వకండి. ఇంటిని నిలబెట్టింది చెరువైతే తెర మీద రొయ్య ఉండటంలో తప్పేముంది? ఆ అచ్చు తరవాత దుప్పట్లకీ, పిల్లల ఉయ్యాల గుడ్డకీ పనికొస్తుంది.

తెర అన్నాక కూచిపూడి గుర్తు రాకుండా ఉండదు. ఈ జిల్లా నేల మీదే పుట్టిన భామాకలాపంలో సత్యభామ తెర వెనక నిలబడి జడని తెర మీదుగా వేస్తుంది. నాతో సమానంగా ఆడగలిగినవాళ్ళుంటే రండి, ఓడితే ఈ జడ కోసేసుకుంటాను అని సవాలు. పెళ్ళిపీటల దగ్గర అడ్డుతెర వెనక పెళ్ళికూతురు తల వంచుకుని కూర్చుంటుంది. రెండు తెరలు, ఇద్దరు ఆడవాళ్ళు. ఇప్పటి పెళ్ళికూతురి 'గ్రాండ్ ఎంట్రీ'కి పొగ, బాణసంచా, సినిమా పాట వాడుతున్నారు. ఆ సరదా మీద నాకేమీ కోపం లేదు గానీ, పాత్ర రంగం మీదికొచ్చేటప్పుడు పాడే ప్రవేశ దరువు గడపలోనే పెట్టుకుని పొగయంత్రం అద్దెకి తేవడం ఎందుకో తెలియదు. నాట్యం నేర్చిన పిల్ల అయితే పూలజడ తెర మీదుగా ఒకసారి వేసి చూడమనండి. పెళ్ళికొడుకు ఏం చేస్తాడో చూడాలి.

నగల మాటకి చిలకలపూడి ఉంది. ఈ ప్రాంతంలో 'చిలకలపూడి బంగారం' అంటే ఒట్టి పైపూత అని ఎద్దేవా. ఆ ఎద్దేవాకి భయపడే అప్పు చేసి బంగారం కొంటారు. పెళ్ళిలో నా నగలన్నీ చిలకలపూడివే అని పెళ్ళికూతురే బాహాటంగా చెప్పుకున్న రోజున అంతకన్నా స్టైలు ఉండదు. త్రిపురనేని పెళ్ళికి పట్టిన ధైర్యం దీనికీ పడుతుంది. కట్నం నిషేధిస్తూ ఆంధ్రలో 1958లోనే చట్టం చేశారు, దేశమంతటికీ 1961లో వచ్చింది. కట్నం ఇప్పుడు ఆ పేరుతో కనపడదు, ఈవెంట్ బిల్లులో కనపడుతుంది: పెళ్ళిఖర్చంతా ఆడపెళ్ళివారిదే అయినప్పుడు ఆ పొగయంత్రం అద్దె కూడా కట్నమే.

భోజనాల గురించి తొందరగా చెప్పేస్తాను. బఫే వరసలో పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పెద్దవాళ్ళని చూస్తే బాధగా ఉంటుంది. బంతిలో అరిటాకు ముందు కూర్చున్నవాడికి ఇంకొంచెం పప్పు, ఇంకో పూర్ణం అని బలవంతం చేసేవాళ్ళుంటారు, అది మర్యాద. సంస్కరణ పెళ్ళిళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఒకే బంతిలో కూర్చున్నారు. ఈ విషయంలో దండల పెళ్ళికి సాటి లేదు. రిటర్న్ గిఫ్టులుగా ఇచ్చే ప్లాస్టిక్ పెట్టెల బదులు బందరు తొక్కుడు లడ్డు ఇవ్వొచ్చు. శనగపిండి పూస వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో మళ్ళీ దంచి కట్టే లడ్డు అది. ఒకటి తిన్నవాడు పెళ్ళిని మరిచిపోడు.

ఇక మాటల దగ్గరికి తిరిగి రావాలి, ఎందుకంటే అసలు తేడా అక్కడే ఉంది. ఇప్పటి పెళ్ళిలో పురోహితుడి గొంతు సన్నాయికి, డీజేకి, "సార్, జీలకర్ర బెల్లం ఇంకోసారి పెట్టండి, ఫ్రేములో రాలేదు" అనే కెమెరా కేకకి మధ్య మునిగిపోతుంది. ముహూర్తం నిమిషాలతో సహా లెక్క కట్టించి, ఆ నిమిషం ఫొటోగ్రాఫరు చేతిలో పెట్టాం. విచిత్రమేమిటంటే త్రిపురనేని కోరింది అమెరికా తెలుగు పెళ్ళిళ్ళలో కొంత జరుగుతోంది. అక్కడ వచ్చినవాళ్ళలో తెలుగు రానివాళ్ళు ఉంటారు కనక పురోహితులే ఆగి, ఏది ఎందుకు చేస్తున్నారో ఇంగ్లీషులో చెబుతారు. ఆ ఓపిక అవనిగడ్డ తెలుగువాళ్ళకి తెలుగులో దక్కడం లేదు.

మార్చుకోవాలంటే చట్టం ఎంతవరకు రానిస్తుందన్నది కూడా చూసుకోవాలి. తమిళనాడులో పెరియార్ స్వాభిమాన వివాహాలని 1967లో చట్టం గుర్తించింది. ఇద్దరికీ తెలిసిన భాషలో ఒకరినొకరు భార్యాభర్తలుగా ఒప్పుకున్నామని అన్నా, దండలో ఉంగరాలో మార్చుకున్నా, తాళి కట్టినా చాలు. మనకి అలాంటి సవరణ లేదు. అందుకే దండలు మార్చుకున్నవాళ్ళు 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద ముప్పై రోజుల నోటీసు ఇచ్చి రిజిస్టరు చేసుకోవడం మంచిది. తంతు చేసుకునేవాళ్ళకి 1955 హిందూ వివాహ చట్టం ఉంది. వధూవరుల్లో ఎవరి ఆచారం ప్రకారమైనా చేసుకోవచ్చు, అందులో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్ళి పూర్తవుతుంది. పెళ్ళంటే ఆటపాటలకీ విందులకీ అవకాశం కాదని, తంతు జరగకుండా ఒట్టి సర్టిఫికెట్టుతో హిందూ వివాహం కాదని సుప్రీంకోర్టు 2024లో అంది. ఆ సంవత్సరమే అలహాబాదు హైకోర్టు, ఈ చట్టం ప్రకారం పెళ్ళికి కన్యాదానం తప్పనిసరి కాదని చెప్పింది.

ఈ చివరి ముక్క మన ఈవెంట్ వాళ్ళ ట్యాబ్‌లో లేదు. పెళ్ళికూతురి తండ్రి పెళ్ళికొడుకు కాళ్ళు కడగడం, పిల్లని దానంగా ఇవ్వడం అలాగే ఉంది. మార్పల్లా పళ్ళెం చుట్టూ గులాబీరేకులు, పైనుంచి డ్రోను. అమెరికాలో ఉద్యోగాలు చేసుకునే జంటలో అమ్మాయిదీ అబ్బాయిదీ ఒకే జీతం, కొత్త ఫ్లాటు అప్పులో సగం సగం వాటా. పెళ్ళిపీటల మీద మాత్రం ఒకరు దానం, ఒకరు గ్రహీత. గోరా తరం దీన్ని ఒక్కసారిగా కొట్టేసింది. అంత దూరం వెళ్ళలేనివాళ్ళు ఇద్దరి తల్లిదండ్రుల్నీ పీటల పక్కన కూర్చోబెట్టి, ఇద్దరి చేతులూ కలిపించవచ్చు. కాళ్ళు కడగడం తప్పదంటే ఆ చెంబు రెండు వైపులా తిరగనివ్వండి.

సప్తపది మాత్రం వదులుకోకండి. అది పాత పెళ్ళిలో అన్నిటికన్నా కొత్తగా ఉన్న ముక్క. ఆపస్తంబ సూత్రం లెక్కలో మొదటి అడుగు అన్నం కోసం, రెండోది బలం, మూడోది వ్రతం, నాలుగోది సుఖం, అయిదోది పశువులు, ఆరోది ఋతువులు, ఏడోది యజ్ఞం. ఏడడుగులయ్యాక ఇద్దరూ స్నేహితులు. పడమటి దేశాల జంటలు సొంతంగా ప్రమాణాలు రాసుకుని చదువుతున్నారని మనవాళ్ళు ముచ్చటపడతారు గానీ, అడుగుకో కోరిక పెట్టుకునే చోటు మన తంతులోనే ఉంది. పురోహితుడు మంత్రం చెప్పాక ప్రతి అడుగు దగ్గరా ఒక్క తెలుగు వాక్యం ఆ ఇద్దరూ సొంతంగా అనుకోవచ్చు. అయిదో అడుగు దగ్గర పశువులు లేని, చెరువులున్న ఇంటివాళ్ళు ఏమంటారో విని నవ్వాలని నాకుంది. ఆరో అడుగు ఋతువులది కనక తుపాను మాట అక్కడ ఎత్తొచ్చు. దివిసీమలో పుట్టినవాళ్ళకి అది తెచ్చిపెట్టుకున్న కవిత్వం కాదు.

ఇందుకు పురోహితుడు ఒప్పుకుంటారా అంటే, వారం ముందు వెళ్ళి కూర్చుని మర్యాదగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు; ఇన్నాళ్ళకి ఎవరో మంత్రం అర్థం అడిగారని సంతోషిస్తారు కూడా. ఒప్పించాల్సిన మనిషి ఇంకొకాయన ఉన్నాడు. ఏడడుగులూ పూర్తయ్యేదాకా పీటలకి అడ్డం రాకుండా పక్కన నిలబడాలని ఫొటోగ్రాఫరుకి అడ్వాన్సు ఇచ్చేటప్పుడే చెప్పుకోవాలి, కాగితం మీద రాయించుకుంటే ఇంకా మంచిది.